వాక్కే శరీరం

పాఠ్యభాగ ఉద్దేశం

నాటకంలోను, చలనచిత్రంలోను కథానాయకుని వెలుగులో కొంత మరుగునపడినప్పటికీ కథకు జీవం పోసే నటులు కొందరుంటారు. అటువంటి ఒక నటుని జీవితాన్ని పరిచయం చేయడం, వాచికాభినయానికి గల ప్రాధాన్యాన్ని తెలియజేయడం, మాట్లాడే విషయంలో విద్యార్థులలో ఉండే సంకోచాన్ని పోగొట్టడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

అది 1950వ సంవత్సరం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక చిన్న సినిమాహాలు. పదిహేడేళ్ల క్రితం విడుదలైన ఒక చిత్రాన్ని అక్కడ మళ్లీ ప్రదర్శిస్తున్నారు. అరవై ఏళ్ల పెద్దమనిషి ఒకడు పన్నెండేళ్ల కుమార్తెను వెంటబెట్టుకొని టికెట్ల గది దగ్గరకు వచ్చాడు. తలపై టోపీ, ముఖం చుట్టూ మఫ్లరు ఉన్నందువల్ల ఆయన ఎవరో పోల్చుకోవడానికి వీలులేదు. టికెట్లు కావాలని ఆయన నోరు తెరిచి అడిగాడో లేదో, లోపలి మనిషి ఆ గొంతును గుర్తుపట్టాడు. తమవద్ద డబ్బు తీసుకోనన్నాడు. ఆయన అందుకు నొచ్చుకొని, టికెట్ల వెల పూర్తిగా చెల్లించి మరీ లోపలికి వెళ్లాడు. ఆ కుమార్తె జెస్సికా పెద్దయిన తరువాత చెప్పిన ముచ్చట ఇది.

ఆ చిత్రం ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’, అంటే ‘అదృశ్య మానవుడు’. ఆ పెద్దమనిషి అందులో ప్రధాన పాత్రధారి అయిన క్లాడ్ రెయిన్స్. ముఖం కనిపించకపోయినా గొంతును బట్టి లోకం గుర్తించిన నటుడాయన. అయితే ఆ గొంతు ఆయనకు పుట్టుకతో వచ్చిన వరం కాదు. బాల్యంలో ఆయన తన పేరును కూడా సరిగా పలకలేకపోయేవాడు. ఆ స్థితి నుంచి ఈ స్థితికి ఆయన ఎలా చేరుకొన్నాడో తెలుసుకోవడం మనకు ప్రయోజనకరం.

భరతముని నాట్యశాస్త్రంలో అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించాడు. అవి ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. శరీరావయవాల చలనంతో చేసేది ఆంగికం. మాటతో చేసేది వాచికం. వేషభూషలతో సిద్ధించేది ఆహార్యం. అంతరంగంలోని భావం స్తంభం, స్వేదం, రోమాంచం మొదలైన రూపాలలో వెలికి రావడం సాత్త్వికం. వీటిలో వాచికాన్ని వివరిస్తూ భరతుడు వాక్కును నాట్యానికి శరీరమని పేర్కొన్నాడు. శరీరం లేనిదే ప్రాణానికి ఆశ్రయం లేనట్లు, వాక్కు లేనిదే నాట్యానికి నిలకడ లేదని దీని తాత్పర్యం. భరతుని శాస్త్రం రెయిన్స్‌కు తెలిసి ఉండాలని లేదు. కాని ఆయన జీవితాన్ని పరిశీలిస్తే ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ లభిస్తుంది.

విలియం క్లాడ్ రెయిన్స్ 1889 నవంబరు 10వ తేదీన లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి ఫ్రెడ్ రెయిన్స్ నటుడే. అయినా ఆ కుటుంబం పేదరికంలోనే జీవించింది. తోబుట్టువులలో అనేకులు పసితనంలోనే మరణించారు. క్లాడ్ బడిచదువును అర్ధాంతరంగా విడిచి, వార్తాపత్రికలు అమ్మి, చర్చి గాయకబృందంలో పాడి తల్లికి నాలుగు డబ్బులు తెచ్చి ఇచ్చేవాడు. ఆ ప్రాంతపు శ్రామికజనం మాట్లాడే కాక్నీ యాస ఆయన మాతృభాష. దానికి తోడు నత్తి ఉండేది. ‘ర’కారం నోట పలికేది కాదు, ‘వ’కారంగా మారేది. అందువల్ల ‘రెయిన్స్’ అనవలసిన చోట ‘వెయిన్స్’ అనేవాడు.

ఇటువంటి బాలుడు 1900లో, పదేళ్ల ప్రాయంలో, లండన్‌లోని హేమార్కెట్ నాటకశాల రంగస్థలంపై గుంపులో ఒకడుగా నిలబడ్డాడు. ఆ తరువాత హిజ్ మెజెస్టీస్ నాటకశాలలో చిరుద్యోగం దొరికింది. వేషం కట్టి కూర్చున్న నటులను వారివారి ప్రవేశ సమయానికి పిలవడం ఆయన పని. క్రమంగా ప్రాంప్టరు అయ్యాడు. తెరచాటున నిలిచి, నటులు మాట మరచినప్పుడు అందించేవాడన్న మాట. ఆ తరువాత రంగస్థల నిర్వాహకుని స్థాయికి ఎదిగాడు. తన నోట సరిగా పలకని మాటలను మహానటుల నోట ప్రతిరాత్రీ వినే అవకాశం ఆ విధంగా ఆయనకు కలిగింది.

ఆ నాటకశాలకు అధిపతి సర్ హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ. ఆనాటి ఇంగ్లండులో సుప్రసిద్ధ నటుడు, నిర్మాత. కుర్రవాడిలోని పట్టుదలను ఆయన గమనించాడు. ఉచ్చారణశాస్త్ర గ్రంథాలు కొనుక్కోవడానికి, గురువు వద్ద పాఠాలు చెప్పించుకోవడానికి తన సొంత డబ్బు ఇచ్చాడు. క్లాడ్ ఆ ధనాన్ని, ఆ నమ్మకాన్ని వ్యర్థం చేయలేదు. ఒక్కొక్క అక్షరాన్ని నాలుకకు నేర్పాడు. నత్తిని జయించాడు. ‘ర’కారాన్ని స్వాధీనం చేసుకొన్నాడు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైంది. రెయిన్స్ లండన్ స్కాటిష్ రెజిమెంటులో సాధారణ సైనికుడుగా చేరాడు. బేసిల్ రాత్‌బోన్, రోనాల్డ్ కోల్మన్, హెర్బర్ట్ మార్షల్ వంటి నటులు కూడా ఆ రెజిమెంటులో పనిచేశారు. 1916లో ఫ్రాన్స్ దేశంలోని విమీ వద్ద శత్రువులు ప్రయోగించిన విషవాయువు రెయిన్స్‌ను తాకింది. ఫలితంగా ఒక కంటి చూపు దాదాపు పూర్తిగా పోయింది. సాధారణ సైనికుడుగా వెళ్లినవాడు యుద్ధం ముగిసేనాటికి కెప్టెన్ హోదా పొందాడు. ఈ అంధత్వాన్ని ఆయన ప్రచారం చేసుకోలేదు. తెర మీద ఆయనను చూసిన లక్షలాది ప్రేక్షకులలో ఈ సంగతి తెలిసినవారు చాలా తక్కువ.

యుద్ధానంతరం లండన్ రంగస్థలంపై రెయిన్స్ మంచి నటుడుగా పేరు తెచ్చుకొన్నాడు. అంతేకాక, రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమటిక్ ఆర్ట్ అనే నాటక విద్యాసంస్థలో అధ్యాపకుడయ్యాడు. 1904లో ఆ సంస్థను స్థాపించినవాడు ట్రీ మహాశయుడే. ఆయన 1917లో మరణించాడు. మాట రాని కుర్రవాడికి మాట నేర్పించిన దాత స్థాపించిన సంస్థలోనే ఆ కుర్రవాడు పెరిగి పెద్దవాడై ఇతరులకు మాట నేర్పాడు. గురువు రుణం తీర్చుకోవడానికి ఇంతకంటె ఉత్తమమైన మార్గం ఉండదు. అక్కడ ఆయన వద్ద చదువుకొన్నవారిలో జాన్ గిల్‌గుడ్, చార్లెస్ లాటన్ ముఖ్యులు. ఈ ఇద్దరి పేర్లూ మనం గుర్తుంచుకోవాలి.

1920ల ద్వితీయార్ధంలో రెయిన్స్ అమెరికా చేరి న్యూయార్క్ రంగస్థలంపై స్థిరపడ్డాడు. 1932లో పెర్ల్ బక్ నవల ‘ది గుడ్ ఎర్త్’ ఆధారంగా వచ్చిన నాటకంలో చైనా రైతు వాంగ్ లుంగ్‌గా నటించాడు. చలనచిత్ర ప్రవేశానికి మాత్రం తగిన అవకాశం రాలేదు. ఒక చిత్రం కోసం ఆయనకు జరిపిన తెరపరీక్ష విఫలమైంది. రంగస్థలానికి అలవాటుపడిన ఆయన హావభావాలు కెమెరా ముందు అతిగా కనిపించాయి. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. పొడగరి కాదు. చలనచిత్ర కథానాయకునికి తగిన రూపం కాదని పెద్దలు భావించారు.

అదే సమయంలో దర్శకుడు జేమ్స్ వేల్, హెచ్.జి. వెల్స్ 1897లో ప్రచురించిన నవల ఆధారంగా ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ చిత్రానికి నటుని కోసం వెతుకుతున్నాడు. ఇతరులకు కనిపించకుండా పోయే విద్యను కనుగొని, ఆ శక్తితోనే మతి చలించి నశించిన శాస్త్రవేత్త కథ ఇది. మొదట ఆ పాత్రకు బోరిస్ కార్లాఫ్ అనుకొన్నారు. అది కుదరలేదు. విఫలమైన ఆ తెరపరీక్షలోని రెయిన్స్ గొంతు వేల్ చెవిన పడిందని, తనకు కావలసినది ఆ గొంతేనని ఆయన నిశ్చయించాడని చెబుతారు. రూపం కారణంగా కాదన్న పరీక్షే గొంతు కారణంగా ఆయనకు ద్వారం తెరిచింది.

1933లో విడుదలైన ఆ చిత్రంలో రెయిన్స్ ముఖం చివరి క్షణాలలో, ఆ పాత్ర మరణశయ్యపై ఉన్నప్పుడు మాత్రమే కనిపిస్తుంది. అంతవరకు కట్లు చుట్టిన తల, నల్లకళ్లద్దాలు, లేదా ఖాళీగా కదిలే దుస్తులు మాత్రమే మనకు గోచరిస్తాయి. శరీరాన్ని నల్లని ముఖమల్ వస్త్రంతో కప్పి, నల్లని నేపథ్యం ముందు చిత్రీకరించి, ఆ చిత్రాన్ని వేరొక దృశ్యంతో కలిపి ఈ మాయను సాధించారు. భరతుడు చెప్పిన అభినయాలలో ముఖం మీద ఆధారపడినవన్నీ ఇక్కడ నిషిద్ధం. కనుబొమ లేదు, కంటిచూపు లేదు, పెదవి కదలిక లేదు. మిగిలినది వాచికం ఒక్కటే. శాస్త్రవేత్త గర్వం, ఉన్మాదం, ఒంటరితనం, చివరి పశ్చాత్తాపం అన్నీ గొంతులోనే పలకాలి. రెయిన్స్ వాటన్నిటినీ పలికించాడు. తెరపై లేని శరీరానికి వాక్కే శరీరమైంది. 44వ ఏట ఆయన చలనచిత్ర నటుడుగా ప్రసిద్ధుడయ్యాడు.

కథానాయక పాత్రలు కాక, విశిష్ట స్వభావం గల ఇతర పాత్రలను పోషించేవారిని క్యారెక్టర్ నటులంటారు. తెలుగు చలనచిత్ర రంగంలో ఎస్.వి. రంగారావు, గుమ్మడి వెంకటేశ్వరరావు ఈ కోవకు చెందినవారు. అమెరికాలో రెయిన్స్ స్థానం ఇటువంటిది. ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ (1938)లో కుటిల రాజకుమారుడు జాన్‌గా, ‘నౌ, వోయజర్’ (1942)లో మానసిక వైద్యునిగా ఆయన నటించాడు. లండన్ కాక్నీ బాలుడు పెద్దవాడై అమెరికన్ సెనేటరుగా, ఫ్రెంచి పోలీసు అధికారిగా, జర్మన్ నాజీగా, రోమన్ పాలకునిగా మారి మెప్పించాడు.

ఆయన దుష్టపాత్రలను పోషించిన తీరు గమనింపదగినది. ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’ (1939)లో సెనేటర్ పెయిన్ అవినీతిపరుడు. కాని యౌవనంలో ఆదర్శవాది. తన ఒకనాటి ఆదర్శాలనే నమ్మిన యువకుణ్ణి నాశనం చేయబోయి, చివరకు అంతరాత్మ ప్రబోధాన్ని భరించలేక సభలోనే తన తప్పు ఒప్పుకొంటాడు. ‘కాసాబ్లాంకా’ (1942)లో కెప్టెన్ రెనో గాలి ఎటు వీస్తే అటు మొగ్గే లంచగొండి. కాని అంతిమ ఘట్టంలో, నాజీ అధికారిని కాల్చిన కథానాయకుణ్ణి పట్టివ్వకుండా కాపాడి ధర్మపక్షంలో నిలుస్తాడు. హిచ్‌కాక్ దర్శకత్వం వహించిన ‘నొటోరియస్’ (1946)లో సెబాస్టియన్ నాజీల కుట్రలో భాగస్వామి. కాని తనను మోసగించిన స్త్రీని అతడు నిజంగానే ప్రేమించాడు. చివరకు మృత్యువు కాచుకొన్న ఇంటిలోకి ఒంటరిగా మెట్లెక్కి వెళుతుంటే ప్రేక్షకునికి అతనిపై జాలి కలుగుతుంది. దుష్టునిలోని మనిషిని చూపడమే రెయిన్స్ విశిష్టత.

ఈ మూడు పాత్రలకు, ‘మిస్టర్ స్కెఫింగ్టన్’ (1944)లోని పాత్రకు కలిపి ఆయన పేరు నాలుగుసార్లు అత్యుత్తమ సహాయనటుని ఆస్కార్ పురస్కారానికి పరిశీలనలో నిలిచింది. ఒక్కసారి కూడా లభించలేదు. వీటిలో రెండు సందర్భాలు ఆలోచింపజేస్తాయి. స్కెఫింగ్టన్ అనే యూదు ధనికుడు నాజీల నిర్బంధ శిబిరం నుంచి చూపు కోల్పోయి తిరిగివస్తాడు. యుద్ధంలో ఒక కన్ను కోల్పోయిన నటుడు ఆ అంధపాత్రను ధరించాడని ఎందరికి తెలుసు? ‘నొటోరియస్’ సమయంలో పురస్కారం హెరాల్డ్ రసెల్‌కు దక్కింది. ఆయన వృత్తినటుడు కాడు. సైన్యంలో ఉండగా పేలుడులో రెండు చేతులూ పోగొట్టుకొన్నవాడు. తన గాయాన్ని తెరపై ధైర్యంగా చూపిన సైనికుణ్ణి లోకం గౌరవించడం న్యాయమే. తన గాయాన్ని దాచుకొన్న మరొక సైనికుడు ఆ సంవత్సరం ఓడిపోయినవారిలో ఉన్నాడు.

ఇంతకుముందు గుర్తుంచుకోవాలన్న ఇద్దరు శిష్యుల సంగతి ఇప్పుడు చెప్పుకోవాలి. ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ విడుదలైన 1933లోనే వచ్చిన ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’ చిత్రానికి చార్లెస్ లాటన్ అత్యుత్తమ నటుడుగా ఆస్కార్ పొందాడు. ‘ఆర్థర్’ (1981) చిత్రానికి జాన్ గిల్‌గుడ్ అత్యుత్తమ సహాయనటుడుగా ఆస్కార్ పొందాడు. గురువుకు నాలుగుసార్లు చేజారిన పురస్కారమే అది. శిష్యుని చేతిలో ఓటమిని కోరుకోవాలని మన పెద్దలు గురువులకు చెప్పారు. గురుశిష్యుల చరిత్రను కలిపి చదివితే రెయిన్స్ పొందినది ఓటమి అనిపించదు.

రంగస్థలం మాత్రం ఆయనను గౌరవించింది. ఆర్థర్ కోస్లర్ నవల ‘డార్క్‌నెస్ ఎట్ నూన్’కు నాటకరూపం 1951లో న్యూయార్క్‌లో ప్రదర్శితమైంది. తాను నిర్మించిన రాజ్యవ్యవస్థ చేతిలోనే బందీ అయిన వృద్ధ విప్లవకారుడు రుబాషోవ్‌గా నటించి రెయిన్స్ అత్యుత్తమ నటుడుగా టోనీ పురస్కారం అందుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు 61. తరువాత ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ (1962)లో డ్రైడెన్ అనే చతురుడైన బ్రిటిష్ అధికారిగా కనిపించాడు. ‘ది గ్రేటెస్ట్ స్టోరీ ఎవర్ టోల్డ్’ (1965)లో హెరోదు రాజు ఆయన చివరి చలనచిత్ర పాత్ర.

రెయిన్స్ 1939లో అమెరికా పౌరసత్వం స్వీకరించాడు. చిత్రీకరణ లేని రోజులలో హాలీవుడ్ సందడికి దూరంగా పెన్సిల్వేనియాలోని తన వ్యవసాయ క్షేత్రంలో గడపడానికి ఇష్టపడేవాడు. సంసారజీవితంలో మాత్రం ఆయనకు స్థిరత్వం లభించలేదు. ఆరుసార్లు వివాహం చేసుకొన్నాడు. 1967 మే 30వ తేదీన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని లకోనియాలో 77వ ఏట మరణించాడు.

ఈ జీవితచరిత్రను చదివి, యాసను విడిచిపెడితేనే గౌరవం లభిస్తుందని విద్యార్థులు భావించరాదు. నత్తి మాటకు ఆటంకం కావచ్చు. దానిని సాధనతో అధిగమించడం మెచ్చదగినది. యాస అటువంటిది కాదు. అది ఒక ప్రాంతం మనకిచ్చిన సంపద. రెయిన్స్ కాలపు ఆంగ్ల రంగస్థలం శ్రామికుల యాసను తక్కువగా చూసింది కనుక ఆయన దానిని మార్చుకోవలసివచ్చింది. అది ఆ కాలపు లోపమే తప్ప ఆ బాలుని లోపం కాదు. మన ఇంటి మాటను నిలుపుకొంటూనే సభలో నలుగురికీ అర్థమయ్యేలా మాట్లాడడం సాధించవచ్చు. తరగతిలో లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పడానికి జంకే విద్యార్థి, తన పేరు తాను పలకలేకపోయిన ఆ లండన్ బాలుణ్ణి ఒకసారి తలచుకోవాలి. ఆ బాలుని పట్టుదలతో పాటు, ఎవరూ అడగకుండానే అతనికి సాయపడిన ట్రీ సౌజన్యాన్ని కూడా తలచుకోవాలి. పక్కవాడు తడబడినప్పుడు నవ్వకుండా వినడం మనందరం చేయగలిగిన సాయం.

కఠిన పదాలు – అర్థాలు

అర్ధాంతరంగా = మధ్యలోనే
వేషభూషలు = దుస్తులు, అలంకారాలు
స్తంభం = కదలిక లేకుండా నిలిచిపోవడం
స్వేదం = చెమట
రోమాంచం = గగుర్పాటు
గోచరించు = కనిపించు
ఉన్మాదం = పిచ్చి
ప్రబోధం = మేలుకొలుపు
సౌజన్యం = మంచితనం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ‘తెరపై లేని శరీరానికి వాక్కే శరీరమైంది’ అనే అభిప్రాయాన్ని పాఠ్యాంశం ఆధారంగా సమర్థించండి.
2. రెయిన్స్ దుష్టపాత్రలను పోషించిన తీరులోని విశిష్టతను వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. చతుర్విధాభినయాలను పేర్కొని వివరించండి.
2. ట్రీ మహాశయుడు రెయిన్స్‌కు చేసిన ఉపకారం ఏది? రెయిన్స్ ఆ రుణాన్ని ఎలా తీర్చుకొన్నాడు?
3. నత్తికి, యాసకు గల భేదాన్ని గురించి రచయిత ఏమన్నాడు? మీ అభిప్రాయం రాయండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఒక్కొక్క అక్షరాన్ని నాలుకకు నేర్పాడు.
2. అది ఆ కాలపు లోపమే తప్ప ఆ బాలుని లోపం కాదు.

IV. సంధులు
వాచికాభినయం = వాచిక + అభినయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యుత్తమ = అతి + ఉత్తమ – యణాదేశ సంధి

V. సమాసాలు
గురుశిష్యులు = గురువును, శిష్యుడును – ద్వంద్వ సమాసం
మరణశయ్య = మరణం కొరకైన శయ్య – చతుర్థీ తత్పురుష సమాసం